ఆ కష్టం ఎవరు పడాలి?

అందరికీ నమస్కారం.

వెబ్‌లో ప్రచురించడానికి వాడే సాఫ్ట్‌వేర్ టెక్నికల్‌గా ఏమీ తెలియనివాళ్లకు కూడా అందుబాటులో ఉండాలా అన్నది ఈ రోజు నాకిచ్చిన ప్రశ్న. ఉండాలి. ఇంత చెప్పి కూర్చోవచ్చు గానీ, నిర్వాహకులు ఒప్పుకునేలా లేరు. పైగా ఈ హాల్లో సగం మంది రేపు అలాంటి సాఫ్ట్‌వేర్ రాయబోయేవాళ్లే.

1990 చివర్లో సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజర్ చదవడానికి మాత్రమే కాదు, రాయడానికి కూడా పనికొచ్చేది. అందులోనే పేజీ రాయొచ్చు, దిద్దొచ్చు, లింకు కలపొచ్చు. పేజీ రూపాన్ని చెప్పే కోడ్ గుర్తులు, అంటే ట్యాగులు, చేత్తో కొట్టాల్సిన పని లేదు. కాకపోతే అది నెక్స్ట్ కంప్యూటర్ల మీదే నడిచేది, అవి కొద్దిమంది దగ్గరే ఉండేవి. 1993లో మొజాయిక్ అనే బ్రౌజర్ వచ్చి వెబ్‌ను జనంలోకి తీసుకెళ్లింది, కానీ రాసే భాగం లేకుండా వచ్చింది. దాంతో చదవడం అందరిదీ అయింది, రాయడం మాత్రం ఆ ట్యాగుల భాష హెచ్‌టీఎంఎల్ తెలిసినవాళ్లకే మిగిలింది. అది వెబ్ స్వభావం కాదు, పనిలో ఒక భాగాన్ని పక్కన పెట్టేయడం వల్ల వచ్చిన పరిస్థితి. కోడ్ రాయకుండానే వెబ్‌లో రాతలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్లు, 1999లో బ్లాగర్, 2003లో వర్డ్‌ప్రెస్, వచ్చింది ఆ ఖాళీని పూడ్చడానికే. వర్డ్‌ప్రెస్ "ఐదు నిమిషాల ఇన్‌స్టలేషన్" అని గొప్పగా చెప్పుకునేది. డేటాబేస్ అంటే ఏమిటో తెలిసినవాడికి ఐదు నిమిషాలే. తెలియనివాడికి శని, ఆదివారాలు రెండూ పోయేవి.

తెలుగువాళ్లకు దీనికంటే ముందే ఇంకో గడప ఉండేది. అక్షరాలు కొట్టడమెలా? భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, నేర్చుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది? లేఖిని లాంటి పరికరాలు వచ్చాక, ఇంగ్లీషు అక్షరాల్లో 'amma' అని కొడితే పక్కనే తెలుగులో 'అమ్మ' కనబడింది. కష్టమంతా తయారుచేసినవాళ్లు పడ్డారు. ఫలితంగా సర్వర్ అన్న మాటే పట్టని ఉద్యోగులు, గృహిణులు, రిటైరైన పంతుళ్లు రాయడం మొదలుపెట్టారు. వాళ్లు ప్రోగ్రామర్లు అయ్యేదాకా ఆగి ఉంటే వెబ్‌లో తెలుగు ఇంకా చాలాకాలం సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల తెలుగుగానే ఉండేది. (ఆ తెలుగు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.)

అయితే పని ఇంకా సగంలోనే ఉంది. ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. వర్డ్‌ప్రెస్‌లో మీరు తెలుగు శీర్షిక పెడితే, దాన్నిబట్టి పేజీ చిరునామా తయారవుతుంది. చిరునామాలో తెలుగు అక్షరాలు నేరుగా నిలవ ఉండవు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులోని ఒక్కో తెలుగు గుర్తు, శాతం గుర్తులు, అంకెలు కలిసిన తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలుగా మారుతుంది. 'తెలుగు' అన్న పదంలో గుణింతాలతో కలిపి ఆరు గుర్తులున్నాయి, అంటే 54 అక్షరాలు. ఆ భాగానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200. ఆ సైజు పదాలు మూడు పడతాయి, నాలుగోది మధ్యలో తెగిపోతుంది. మిగిలినదాన్ని వాట్సాప్‌లో పంపితే, అవతలివాళ్లు ఏదో వైరస్ లింకు అనుకుని నొక్కరు. తెలిసినవాడు వెంటనే చిరునామా మార్చే పెట్టెలోకి వెళ్లి ఇంగ్లీషులో పొట్టి పేరు రాసుకుంటాడు. తెలియనివాడికి అలాంటి పెట్టె ఒకటుందనే తెలియదు. తన వ్యాసం బాగాలేదేమో, అందుకే ఎవరూ చదవట్లేదేమో అనుకుంటాడు. నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. తప్పు సాఫ్ట్‌వేర్‌ది, సిగ్గు వాడేవాడిది.

అను ఫాంట్ల సంగతీ అంతే. పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని ఈ అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకాలు మనకు బోలెడున్నాయి. ఆ మేటర్ కాపీ చేసి వెబ్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అతికించిన క్షణంలోనే దాన్ని గుర్తుపట్టి "యూనికోడ్‌లోకి మార్చమంటారా?" అని అడిగే ఎడిటర్ రాయడం అసాధ్యమేమీ కాదు. మార్చే ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి, కానీ రాసేవాడే వెతుక్కుని వెళ్లాలి.

సులువు చేస్తే చెత్త పెరుగుతుందని కొందరంటారు. స్పామ్ పేజీలు గుట్టలు గుట్టలుగా పుట్టించేవాళ్లు టెక్నికల్‌గా మనందరికన్నా ఘనులు. వాళ్లను ఆపని గడప పంతులుగారిని మాత్రం ఆపుతుంది.

కాస్త బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. సులువు అన్న పేరుతో సగం వండినది వడ్డిస్తే? వికీపీడియాలో అదే జరిగింది. మార్కప్, అంటే పేజీ రూపాన్ని చెప్పే కోడ్, తెలియనివాళ్ల కోసం తెచ్చిన విజువల్ ఎడిటర్‌ను 2013 జులైలో ఇంగ్లీషు వికీపీడియాలో అందరికీ పెట్టేశారు. నెమ్మదిగా నడిచింది, పేజీల్లో అనవసరమైన ట్యాగులు చేర్చింది. పాతవాళ్లు గొడవ చేశారు, సెప్టెంబరులో వెనక్కి తీశారు. తర్వాత మెరుగుపరిచారు, ఇప్పుడు తెలుగు వికీపీడియాలో కూడా అది ఉంది. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ కొత్త బ్లాక్ ఎడిటర్ విడుదల చేసినప్పుడు, మౌస్ వాడగలిగేవాళ్లకు బాగానే ఉంది. తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీద ఆధారపడే అంధులకు మాత్రం అది పాతదానికన్నా కష్టమైందన్న విమర్శలు గట్టిగా వచ్చాయి. 'అందరికీ' అన్నప్పుడు మన లెక్కలో ఎవరున్నారో అప్పుడు బయటపడింది. ప్రచురణ పరికరాలు ఎలా ఉండాలో, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పరికరం వికలాంగులు వాడేలా ఉండాలి, దాంతో తయారయ్యే పేజీ కూడా వాళ్లకు అందేలా ఉండాలి. బొమ్మకు వివరణ రాయాలని రాసేవాడికి తెలియకపోతే పరికరమే అడగాలి.

ఇక ఫేస్‌బుక్. పబ్లిష్ చేయడం అంతకన్నా సులువుగా ఎక్కడా లేదు, ఒప్పుకుంటాను. మన కవులు, కథకులు సగం మంది అక్కడే ఉన్నారు. మూడేళ్ల కిందటి పోస్టు వెతకమనండి, చెమటలు పడతాయి. దాచుకుందామని జేసన్ అనే ఫైలు రూపంలో డేటా దించుకున్నవాళ్లకు తెలుగు బదులు అర్థం కాని కోడ్ కనిపించడం చాలాకాలంగా ఉన్న జబ్బే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాడు నాలుగు లైన్లతో సరిచేసుకుంటాడు. మిగతావాళ్ల రాతలు ఆ కంపెనీ దయ మీద ఉంటాయి. ఎవరైనా సొంత పేజీలు పెట్టుకోగలిగిన జియోసిటీస్‌ను 2009లో యాహూ మూసేసినప్పుడు మామూలు మనుషులు కట్టుకున్న పేజీలు లక్షల్లో పోయాయి. వాలంటీర్లు పరుగెత్తి కాపాడినవి కాపాడారు. కాబట్టి నా దృష్టిలో లోపలికి రావడం ఎంత సులువో, రాసుకున్నది తీసుకుని బయటికి పోవడం కూడా అంతే సులువుగా ఉండాలి. ఒక బటన్, ఎక్కడైనా తెరుచుకునే ఫైలు.

మీలో ఎవరైనా ఇలాంటిది తయారుచేస్తుంటే, విడుదలకు ముందు ఒక పూట మీ అమ్మగారినో, పక్కింటి మాస్టారినో కూర్చోబెట్టండి. మౌస్ ముట్టుకోకండి, సలహా ఇవ్వకండి. పొడుగాటి తెలుగు శీర్షికతో, ఒక ఫొటోతో వ్యాసం పెట్టమనండి. తర్వాత అంతా దించుకోమని చెప్పి, ఆ ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి ఒత్తులన్నీ ఉన్నాయో లేదో చూడండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ మొహంలోకి చూస్తారో అక్కడ మీ పని మిగిలి ఉన్నట్టు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.