ఫోన్‌లో మాత్రమే వచ్చే బగ్గుని కంప్యూటర్‌లోంచి పట్టుకోవడం

బ్రౌజర్‌లో పేజీ లోపలి సంగతులు చూపించే డెవ్‌టూల్స్‌లో ఫోన్ బొమ్మ ఉన్న ఆ చిన్న బటన్ నొక్కి, పేజీ సన్నగా మారగానే "మొబైల్‌లో కూడా బాగానే ఉందిలే" అనుకుని సైట్ పైకి ఎక్కించేశారా ఎప్పుడైనా? నేను చేశాను. అదొక ఫారం పేజీ, కింద "పంపించు" అని బటన్. కంప్యూటర్‌లో ఏ సైజులో చూసినా నిక్షేపంగా ఉంది, ఫోన్‌లో తెరిస్తే బటన్ లేదు. అంటే ఉంది, కానీ స్క్రీన్ కింది అంచుకి అవతల, పై గీత మాత్రం సన్నగా కనిపిస్తోంది. పేజీ స్క్రోల్ కాకుండా నేనే ఆపేశాను కాబట్టి పైకి జరిపే దారీ లేదు. కోడ్‌లో అక్కడొక అలర్ట్, ఇక్కడొక అలర్ట్ పెట్టుకుంటూ, ఫోన్‌లో రిఫ్రెష్ కొట్టుకుంటూ రెండు సాయంత్రాలు తగలేశాను. చివరికి కేబుల్ పెట్టి చూస్తే పది నిమిషాల పని.

కంప్యూటర్‌లో కనిపించే ఆ ఫోన్ ఉత్త వేషం. స్క్రీన్ కొలతలు, టచ్, యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ తానెవరో సైట్‌కి చెప్పుకునే మాట) వరకు బాగానే నటిస్తుంది. కానీ పైకీ కిందకీ జారే అడ్రస్ బార్, సగం స్క్రీన్ మింగేసే కీబోర్డు, అసలు ప్రాసెసర్ అందులో ఎక్కడుంటాయి? అందుకే నిజం ఫోన్‌నే కలుపుదాం.

ముందు ఆండ్రాయిడ్, క్రోమ్. ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడు సార్లు నొక్కండి. సామ్‌సంగ్‌లో అయితే అది సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ లోపల ఉంటుంది. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. కేబుల్ పెట్టి, కంప్యూటర్‌లోని క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, ఇన్‌స్పెక్ట్ అని కొట్టండి. డిస్కవర్ యూఎస్‌బీ డివైసెస్ దగ్గర టిక్ ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు ఫోన్‌లో "ఈ కంప్యూటర్‌ని అనుమతించాలా" అని ఒక ప్రశ్న వస్తుంది, అది ఫోన్ లాక్ తీసి ఉంటేనే కంటపడుతుంది. ఒప్పుకున్నారంటే ఫోన్ పేరు, దాని కింద ఫోన్‌లో తెరిచి ఉన్న ట్యాబులు వరసగా కనిపిస్తాయి.

కనిపిస్తే అదృష్టం. చాలామందికి మొదటిసారి ఉలుకూ పలుకూ ఉండదు, ఖాళీ పేజీ. నా మాట విని ముందు కేబుల్‌ని అనుమానించండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి, వాటిలో డేటా తీగలే ఉండవు. ఫోన్ మాత్రం హాయిగా ఛార్జ్ అవుతూ మనల్ని మోసం చేస్తుంది. నేను సెట్టింగులన్నీ తిరగేసి, డ్రైవర్ తీసి మళ్లీ వేసి, ఆఖర్న కేబుల్ మార్చిన మనిషిని.

కేబుల్ మంచిదే అయితే టెర్మినల్ తెరిచి ఏడీబీ డివైసెస్ అని కొట్టండి. ఏడీబీ అంటే కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాట్లాడే కమాండ్, ఇది ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్ టూల్స్‌తో వస్తుంది. అది చెప్పే ఒక్క మాటతో సగం సంగతి తేలిపోతుంది. ఫోన్ సీరియల్ నంబర్ పక్కన అనాథరైజ్డ్ అని ఉంటే ఆ ప్రశ్నకి మీరింకా ఒప్పుకోలేదన్నమాట. ప్రశ్నే రాకపోతే డెవలపర్ ఆప్షన్స్‌లో పాత అనుమతులు రద్దు చేసే వరస ఉంటుంది, అది నొక్కి కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. ఆఫ్‌లైన్ అంటే ఏడీబీ కిల్-సర్వర్ (మధ్యలో హైఫన్‌తో) కొట్టి మళ్లీ మొదలుపెట్టండి. జాబితా పూర్తిగా ఖాళీ అయితే విండోస్‌లో డ్రైవర్ సంగతి చూడాలి. లినక్స్‌లో నో పర్మిషన్స్ అని వస్తే యూడెవ్ రూల్స్ (ఏ పరికరాన్ని ఎవరు వాడొచ్చో చెప్పే ఫైళ్లు) చూడాలి. డివైస్ అని వచ్చిందా, ఇక అడ్డు లేదు.

ట్యాబ్ పక్కన ఇన్‌స్పెక్ట్ నొక్కితే మనకి అలవాటైన డెవ్‌టూల్సే, కాకపోతే అవతల ఉన్నది నిజం ఫోన్. తెల్ల కిటికీ ఒక్కటే వస్తే కంగారు పడొద్దు, రెండు క్రోమ్‌ల వెర్షన్లు కుదరక అలా అవుతుంటుంది, పక్కనే ఉన్న ఇన్‌స్పెక్ట్ ఫాల్‌బ్యాక్ నొక్కండి. ఎలిమెంట్స్ ట్యాబ్‌లో ఒక డివ్ (పేజీలో ఒక పెట్టె) మీదికి మౌస్ తీసుకెళ్తే ఫోన్ స్క్రీన్ మీద అదే ముక్క నీలంగా వెలుగుతుంది. నా బగ్గు అలాగే దొరికింది. మొత్తం పెట్టెకి ఎత్తు 100వీహెచ్, అంటే పేజీ కనిపించే ఎత్తంతా, ఇచ్చాను. ఫోన్‌లో క్రోమ్ 100వీహెచ్‌ని అడ్రస్ బార్ దాక్కున్నప్పటి ఎత్తుతో లెక్కేస్తుంది, కాబట్టి బార్ కనిపిస్తున్నంతసేపూ అంతమేర కింద కోసుకుపోతుంది. బార్‌ని బట్టి మారే ఎత్తు 100డీవీహెచ్ అని మార్చాను, బటన్ పైకొచ్చింది. క్రోమ్ 108 నుంచి, సఫారీ 15.4 నుంచి ఇది పనిచేస్తుంది.

చాలామంది చూడకుండా వదిలేసేది, నాకు అన్నిటికన్నా నచ్చేది పోర్ట్ ఫార్వర్డింగ్. కంప్యూటర్‌లో లోకల్‌హోస్ట్ 3000లో, అంటే కంప్యూటర్ తనని తాను పిలుచుకునే చిరునామాలో, 3000 అనే పోర్ట్ మీద సైట్ నడుస్తోంది అనుకోండి. ఫోన్‌లో చూడాలంటే మామూలుగా వైఫై ఐపీ అడ్రస్ కొడతాం. పేజీ వస్తుంది, కానీ కెమెరా పనిచేయదు, లొకేషన్ రాదు, సర్వీస్ వర్కర్ (పేజీ వెనకాల నడిచే స్క్రిప్ట్) ఎక్కదు, మనమేమో కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం. తప్పు కోడ్‌లో లేదు. హెచ్‌టీటీపీఎస్ లేని ఐపీ అడ్రస్‌ని బ్రౌజర్ నమ్మదు, లోకల్‌హోస్ట్‌ని నమ్ముతుంది. ఇన్‌స్పెక్ట్ పేజీలోనే పోర్ట్ ఫార్వర్డింగ్ నొక్కి, పోర్ట్ దగ్గర 3000, చిరునామా దగ్గర లోకల్‌హోస్ట్, కోలన్, 3000 ఇచ్చి, కింద టిక్ పెట్టండి. ఫోన్‌లో కూడా లోకల్‌హోస్ట్ 3000 అనే కొడితే, ఆ రిక్వెస్ట్ కేబుల్ గుండా మీ కంప్యూటర్‌కి వస్తుంది. ఇద్దరూ ఒకే వైఫైలో ఉండాలన్న గొడవ కూడా లేదు.

ఐఫోన్ వాళ్లకి మామూలుగా మ్యాక్ కావాలి. ఫోన్‌లో సఫారీ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, వెబ్ ఇన్‌స్పెక్టర్ ఆన్ చేసి, మ్యాక్ సఫారీలో డెవలప్ మెనూ తెరిస్తే అందులో ఫోన్ పేరు ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌కి అబౌట్ డీబగ్గింగ్ పేజీ ఉంది. ఆండ్రాయిడ్ 11 నుంచి వైఫై మీద కూడా కలపొచ్చు, జత కోడ్ ఇస్తుంది. నాకు మాత్రం కేబులే నయం, మధ్యలో తెగిపోదు.

పనయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చేయడం మరవకండి. అది ఆన్‌లో ఉండగా మీరు ఒప్పుకున్న కంప్యూటర్ మీ ఫోన్‌లో యాప్‌లు కూడా ఎక్కించగలదు, కాబట్టి మీది కాని కంప్యూటర్ దగ్గర "ఎప్పుడూ అనుమతించు" అనే టిక్ జోలికి వెళ్లొద్దు. పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు ఇది ఆన్‌లో ఉంటే తెరుచుకోనే తెరుచుకోవు, ఆ సంగతి సరిగ్గా అర్జెంటుగా డబ్బు పంపాల్సినప్పుడే తెలుస్తుంది.