ఒకే డిస్కులో రెండు ‘ఫారెస్ట్ ఫ్లవర్’లు

[తెరపై: ఎల్పీ అట్ట]

నమస్కారం. 1966 సెప్టెంబరు 18న కాలిఫోర్నియాలోని మాంటెరీ జాజ్ ఉత్సవంలో చార్ల్స్ లాయిడ్ శాక్సఫోన్, 21 ఏళ్ల కీత్ జారెట్ పియానో, సెసిల్ మెక్‌బీ బాస్, జాక్ డిజానెట్ డ్రమ్స్ వాయించిన ‘ఫారెస్ట్ ఫ్లవర్’ అనే రచనను అట్లాంటిక్ సంస్థ మరుసటి ఏడాది ఎల్పీ రికార్డుగా తెచ్చింది. ‘సన్‌రైజ్’, ‘సన్‌సెట్’ అనే రెండు భాగాలు కలిసి దాదాపు 18 నిమిషాలు, అంటే ఎల్పీ ఒక వైపంతా నిండిపోతాయి.

1967 జనవరిలో లాయిడ్ బృందం శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ ఆడిటోరియంలో, రాక్ సంగీతం కోసం వచ్చే యువత ముందు కచేరీ చేశారు. అక్కడ రికార్డు చేసిన ‘లవ్-ఇన్’ ఆల్బమ్‌లో బీటిల్స్ పాట ఒకటి ఉంది. కుర్రకారును మెప్పించడానికి వీరు జాజ్‌ను పలుచన చేశారన్న మాటను నేను ఒప్పుకోను. జారెట్ సోలోలు వింటే ఆ అపవాదు నిలవదు.

[తెరపై: టేపు రీళ్లు]

పాత రికార్డును మళ్లీ విడుదల చేసేటప్పుడు, అప్పట్లో పక్కన పెట్టిన టేకులను, అంటే అదే రచనను మరోసారి వాయించిన రికార్డింగులను, జతచేయడం రివాజు. అయితే 1978లో న్యూజెర్సీలోని లాంగ్ బ్రాంచ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అట్లాంటిక్ భద్రపరచిన విడుదల కాని టేపులు వేల సంఖ్యలో కాలిపోయాయి. జాజ్‌కు అది పూడ్చలేని నష్టం.

అందుకే 1994లో రైనో సంస్థ తెచ్చిన సీడీ నాకు అంత విలువైనది. అందులో ‘ఫారెస్ట్ ఫ్లవర్’ పక్కనే, 1968 నవంబరులో న్యూయార్క్ టౌన్ హాల్‌లో రికార్డయిన ‘సౌండ్‌ట్రాక్’ ఆల్బమ్‌ను కూడా చేర్చారు. దాని చివర అదే రచన మళ్లీ వినిపిస్తుంది. అప్పటికి బాస్ రాన్ మెక్‌క్లూర్ చేతికి వచ్చింది. ఒకే రచన రెండేళ్లలో ఎలా ఎదిగిందో వెంటవెంటనే విని పోల్చుకోవచ్చు.

[తెరపై: డ్రమ్స్]

మాంటెరీ రికార్డింగులో ముందుగా డిజానెట్‌ను వినండి. ‘సన్‌రైజ్’లో లాటిన్ నడక నుంచి స్వింగ్ అనే ఊగే జాజ్ లయలోకి, మళ్లీ లాటిన్‌లోకి మారే ప్రతిచోటా పట్టు సడలకుండా లాయిడ్‌కు దారి ఇచ్చేది ఆయనే. స్ట్రీమింగ్‌లో ఈ రెండు భాగాలూ వేర్వేరు ట్రాకులుగా కనిపిస్తాయి కాబట్టి, షఫుల్ ఆపి, ‘సన్‌రైజ్’ నుంచి వరుసగా వినండి.