25 డిగ్రీల లెక్క మనకు చాలదు

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి నమస్కారం. శాలువాలు తర్వాత చూసుకుందాం, పిల్లలకు బస్సు టైమవుతోంది.

లిథియం అయాన్ బ్యాటరీలో పుట్టే వేడిని ఎలా లెక్కగడతారో చెప్పమన్నారు. 1985లో బెర్నార్డి, పావ్లికోవ్‌స్కీ, న్యూమన్ ఇచ్చిన సమీకరణాన్నే ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. అందులో ముఖ్యమైనవి రెండు. ఎంట్రోపీ మార్పు, అంటే లోపలి పదార్థాల్లో అణువుల అమరిక మారడం వల్ల వచ్చే భాగం ఒకసారి వేడినిస్తుంది, ఒకసారి పీల్చుకుంటుంది. కరెంటుకు లోపల ఎదురయ్యే నిరోధం వల్ల వచ్చేది మాత్రం ఎప్పుడూ వేడే. బ్యాటరీలో ఉండే ఒక్కో చిన్న బ్యాటరీని సెల్ అంటాం. ఆ సెల్ నిరోధం 30 మిల్లీ ఓములు అనుకోండి. 5 ఆంపియర్లకు 0.75 వాట్లు. కరెంటు రెట్టింపై 10 ఆంపియర్లయితే వేడి 1.5 కాదు, నాలుగింతలై 3 వాట్లు! ఆరుగురిని ఎక్కించుకుని బ్యాటరీ ఆటో రావులపాలెం బ్రిడ్జి ఎక్కుతుంటే జరిగేదిదే.

ఆ వేడి బయటికి పోవాలంటే సెల్‌కీ గాలికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఉండాలి. నా బాధంతా ఇక్కడే. లెక్కల్లో బయట 25 డిగ్రీలని రాసేస్తారు. అక్కడ 15 డిగ్రీలు పెరిగి 40 దగ్గర ఆగిన సెల్, రోహిణి కార్తెలో 42 ఉన్న రోజు ఇంచుమించు 57కి చేరుతుంది.

మా వీధిలో చేపలమ్మే అతను మిట్టమధ్యాహ్నం యానాం నుంచి వచ్చి, రేకుల షెడ్డులో బ్యాటరీ బండి పెట్టి, వెంటనే ఛార్జింగ్ పెట్టాడు. బండి కాలిపోయింది. అప్పు ఇంకా తీరలేదు. షోరూం వాళ్లేమో "ఎండలో తిప్పారు, వారంటీ రాదు" అన్నారు. ఏమండీ, మే నెలలో కోనసీమలో చేపలమ్మేవాడు ఎండలో కాక ఎక్కడ తిరుగుతాడు? మీరే చెప్పండి!

ఆ బండి బ్యాటరీ వైర్లు కలిసే కనెక్టర్ నేను చూశాను. ఒక పిన్ను శుభ్రంగా ఉంది. పక్కదాని నిండా పచ్చటి చిలుము, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ముద్దయింది. మంట అక్కడే మొదలైందని నేననను. కానీ ఉప్పుగాలికి చిలుము పడితే అక్కడ నిరోధం పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. మన లెక్కల్లో ఎక్కడుంది ఆ చిలుము?

సెల్ లోపల 80 నుంచి 120 డిగ్రీల మధ్య ఆనోడ్ (నెగటివ్ పలక) మీది రక్షణ పొర విడిపోతూ తానే వేడి పుట్టిస్తుంది. 130 దగ్గర రెండు పలకలూ తాకకుండా మధ్యలో ఉండే పాలిథీన్ పొర, సెపరేటర్, కరుగుతుంది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాదు.

ఫైనలియర్ పిల్లలూ, ప్రాజెక్టు రిపోర్టులు కొనుక్కురాకండి. ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సర్లు, థర్మిస్టర్లు, నాలుగు కొనండి. అంతర్వేదిలో, అమలాపురంలో ఆటోవాళ్లను అడిగి, బ్యాటరీ పెట్టె లోపలా బయటా మధ్యాహ్నం పూట కొలవండి. సమీకరణంలో 25 కొట్టేసి ఆ అంకె వేయండి.

ప్రిన్సిపాల్ గారూ, మే నెలలో మన ల్యాబుకు తాళం వేస్తున్నారు. దయచేసి ఆ ఒక్క నెలా తెరిచి ఉంచండి.