అంగీ పైకెత్తి చూడండి: పసిపిల్లల ఆయాసంపై ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. చలి ముదిరేకొద్దీ పసిపిల్లలున్న ప్రతి ఇంట్లో సర్ది, దగ్గు మొదలవుతాయి కాబట్టి, ఏది ఇంట్లోనే తగ్గే జలుబో, ఏది వెంటనే దవాఖానకు తీసుకుపోవాల్సిన ఆయాసమో చెప్పడానికి పిల్లల వైద్యురాలు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ దేవరకొండ దగ్గరి ఒక తండా నుంచి వచ్చింది.

శ్రోత: నమస్తే మేడమ్. మా బాబుకు ఐదో నెల నడుస్తోంది. మూడు రోజుల కింద సర్ది పట్టింది, నిన్నటి నుంచి దగ్గుతున్నాడు, జ్వరం మాత్రం లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన దగ్గు మందు పోయవచ్చా?

డాక్టర్: ఆ సీసాను పక్కన పెట్టండమ్మా. ఈ వయసులో దగ్గు మందు మేలు చేయకపోగా, ఒక్కోసారి ప్రమాదం తెస్తుంది. జ్వరం లేదని ధైర్యపడకండి, నాకు దగ్గు కంటే శ్వాసే ముఖ్యం. బాబు ఏడవకుండా ఉన్నప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకుని, అంగీ పైకెత్తి, ఇంట్లో ఒకరిని గడియారం చూడమని చెప్పి, పొట్ట ఎన్నిసార్లు లేచి దిగుతోందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పసిపిల్లల శ్వాస ఒకే తీరున సాగదు కాబట్టి పావు నిమిషం లెక్క పనికిరాదు. శ్వాస లోపలికి తీసుకునేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతోందా అన్నదీ చూడండి. డొక్కలెగరేయడం అంటారే, అదే. లైన్‌లోనే ఉండండి.

వ్యాఖ్యాత: ఆమె లెక్కపెట్టేలోగా అచ్చంపేట నుంచి మరొకరు మాట్లాడుతున్నారు.

శ్రోత: డాక్టరమ్మా, నా మనుమరాలికి ఇరవై రోజులు. పాలు బాగానే తాగుతుంది గాని, రాత్రిపూట ముక్కు గురగురలాడుతుంది, నిద్రలో శ్వాస ఆగినట్టే ఆగి మళ్ళీ గబగబా తీసుకుంటుంది. ముక్కులో ఆముదం చుక్కలు వేద్దామంటే కోడలు వద్దంటోంది.

డాక్టర్: మీ కోడలు చెప్పిందే సరైనది పెద్దమ్మా. ఆముదం ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడే నిలిచి నిమ్ము, అంటే న్యుమోనియా చేస్తుంది. పాలిచ్చే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేస్తే చాలు. ఐదు, పది సెకన్లు శ్వాస ఆగి మళ్ళీ సాగడం ఈ వయసులో మామూలే. 20 సెకన్లు ఆగినా, పెదవులు నీలబడినా మామూలు కాదు. రెండు నెలల లోపు పిల్లలకు నిమిషానికి 60 గాని అంతకు మించి గాని వస్తే మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి, అప్పుడూ అంతే ఉంటే ఆ గంటలోనే దవాఖానకు రావాలి. ఇంత చిన్న బిడ్డకు నిమ్ము చేసినా దగ్గే రాకపోవచ్చు, అందుకే పాలు మానేసినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా ఆలస్యం చేయకండి. స్నానం తర్వాత మీరు సాంబ్రాణి పొగ వేస్తారా?

శ్రోత: రోజూ వేస్తాం. నీళ్ళు కాగేది కూడా పత్తి కట్టెల మీదనే.

డాక్టర్: పొగ పూర్తిగా మానండి, బిడ్డను పొయ్యికి దూరంగా ఉంచండి. నిమ్ము నుంచి కాపాడేందుకు ఆరో వారంలో ఇచ్చే న్యుమోకోకల్ టీకాను తప్పించకండి, ప్రభుత్వ దవాఖానలో ఉచితంగానే వేస్తారు.

వ్యాఖ్యాత: దేవరకొండ నుంచి ఆ తల్లి లైన్‌లోనే ఉన్నారు.

శ్రోత: మేడమ్, 62 వచ్చింది. మీరు చెప్పినట్టే పక్కటెముకల కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. పొద్దుటి నుంచి రెండు గుక్కలు తాగి వదిలేస్తున్నాడు.

డాక్టర్: రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు 50 వస్తేనే వేగమని లెక్క. ఏడాది దాటితే 40. మీ బాబుకు 62 వచ్చింది, డొక్కలూ ఎగరేస్తున్నాడు, పాలు తాగలేకపోతున్నాడు కాబట్టి, తెల్లవారేదాకా ఆగకుండా ఇప్పుడే బయల్దేరండి. నాలుక ఏ రంగులో ఉంది?

శ్రోత: ఎర్రగానే ఉంది.

డాక్టర్: మంచిది. బస్సు కోసం చూడకుండా 108కు ఫోన్ చేయించి, దేవరకొండ ఏరియా ఆసుపత్రికి వెళ్ళండి. దారిలో బాబును తల పైకుండేలా గుండెకు ఆనించి పట్టుకోండి. బట్ట కప్పండి గాని ఛాతీ బిగుసుకునేలా చుట్టకండి. అడిగితే పాలివ్వండి, బలవంతంగా తాగించకండి. అక్కడికి చేరగానే ఈ 62 అన్న లెక్కే ముందు చెప్పండి.

శ్రోత: మా మరిది 108కు చేస్తున్నాడు మేడమ్.

డాక్టర్: అయితే మీరు ఫోన్ పెట్టేసి బాబును ఎత్తుకోండమ్మా.