మెట్ల స్విచ్చికి టేపు అంటించకండి

(ఇంధన పొదుపు వారోత్సవాల్లో భాగంగా తిరుపతిలో ఒక కాలనీ సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, వంటపని ముగించుకొని వచ్చిన అమ్మలకు, వెనక గోడకానుకొని నిలబడిన పిల్లలకు నమస్కారం. డిసెంబరు 14 జాతీయ ఇంధన పొదుపు దినం కదా, కరెంటు పొదుపు మీద మాట్లాడమని నన్ను పిలిచినారు. పొదుపు మీద నేను చెప్పేది రెండే మాటలు. 60 వాట్ల పాత బల్బు ఇంకా ఉంటే తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టుకోండి. మనిషి లేని గదిలో ఫ్యాను ఆపండి. ఇవి మీకు తెలియనివి కావు. మిగిలిన సమయం నాకు వదిలేయండి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పాఠాలు చెప్పిన మనిషిగా నేను ఎప్పట్నుంచో చెప్పాలనుకుంటున్నది ఒకటుంది.

మీలో ఎంతమంది ఇళ్ళల్లో మెట్ల కాడ స్విచ్చికి టేపు అంటించి, "దీన్ని ముట్టుకోవద్దు" అని పిల్లలకు చెప్పినారు? చేతులెత్తండి. మొహమాటం వద్దమ్మా, ఎత్తండి. చూసినారా అధ్యక్షా, ఎన్ని చేతులో!

ఆ టేపు వల్లనే మా మేనత్త మంచాన పడింది. కొర్లగుంటలో పై పోర్షన్‌లో అద్దెకుండేది. మెట్ల లైటుకు కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి. ఏది నొక్కినా లైటు వెలగాల, ఆరాల. సంక్రాంతికి ఓనరు రంగులు వేయించినాడు. రంగులేసే వాళ్ళు బోర్డులు విప్పి, పనయ్యాక మళ్ళీ బిగించిపోయినారు. ఆ రోజునుంచి కింది స్విచ్చి ఒక వైపు నొక్కి ఉంటేనే పై స్విచ్చి పనిచేసేది. కిందిది రెండో వైపుకు మారిస్తే పైన ఎన్నిసార్లు నొక్కినా చీకటే. కరెంటు పనాయన వచ్చి చూసి, "గోడలో వైరు తెగింది, గోడ కొట్టి పైపు మార్చాల" అన్నాడు. ఓనరు ఇప్పుడు కాదన్నాడు. కింది స్విచ్చికి టేపు పడింది. ఏ పిల్లోడో ఆ టేపు పీకి స్విచ్చి నొక్కినాడు. రాత్రి అత్త పైన స్విచ్చి వేసింది, వెలగలేదు. రోజూ దిగే మెట్లే కదా అని దిగింది. తుంటి ఎముక విరిగింది.

నేను పోయి బోర్డు విప్పి చూస్తే ఏ వైరూ తెగలేదు. ఒక స్క్రూ కింద ఉండాల్సిన వైరు పక్క స్క్రూ కింద ఉంది. అంతే! దానికి గోడ కొట్టాలంట!

ఇది అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. కొండకు నడిచిపోవడానికి మనకు రెండు దోవలు. అలిపిరి ఒకటి, శ్రీవారి మెట్టు ఒకటి. కరెంటు కింద నిలబడి ఉంది. దాన్ని ఏ దోవన పంపాలో కింది స్విచ్చి చెబుతుంది. ఏ దోవన వచ్చిన దాన్ని లోపలికి రానివ్వాలో పై స్విచ్చి చెబుతుంది. రెండూ ఒకే దోవను ఎంచుకుంటే బల్బు వెలుగుతుంది. ఇట్లా రెండు దోవలుండే స్విచ్చినే టూవే స్విచ్చి అంటారు. అందుకే దానికి వెనక మూడు స్క్రూలు. రెండు దోవలకు రెండు, మూడోది కామన్. కింద కామన్‌కు ఫేజు, అంటే కరెంటు తెచ్చే వైరు, రావాల. పైన కామన్ నుంచి బల్బుకు పోవాల. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగిపోయే వైరు, నేరుగా బల్బుకే. దోవ వైర్లు రెండూ ఒకదానికొకటి తారుమారైనా నష్టం లేదు. కామన్ వైరు మాత్రం దోవ స్క్రూ కిందికి పోయిందో, మా అత్త ఇంట్లో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది.

అమ్మా, మీరు బోర్డు విప్పనే వద్దు. కాగితం తీసుకోండి. కింది స్విచ్చి అటో ఇటో, పై స్విచ్చి అటో ఇటో. రెండు స్విచ్చులకు కలిపి ఉండేది నాలుగు వరసలు. నాలుగూ మార్చి చూసి, బల్బు ఎన్నింటిలో వెలిగిందో రాయండి. రెండింట్లో వెలిగితే అంతా సరే. ఒక్కదాంట్లోనే వెలిగితే కామన్ మారిందన్నా అనుకోవాల, ఒక దోవ తెగిందన్నా అనుకోవాల. దేంట్లోనూ వెలగకపోతే ముందు బల్బు, హోల్డరు చూడండి.

తెగిందా, మారిందా? అది ఎప్పట్నుంచి అన్నదాన్ని బట్టి చాలావరకు తెలిసిపోతుంది. రంగులేసిన మర్నాటి నుంచో, స్విచ్చి మార్చినప్పటి నుంచో అయితే కామన్ మారింది. లేదా అంగట్లో టూవే బదులు, వెనక రెండే స్క్రూలుండే వన్‌వే స్విచ్చి ఇచ్చినారు. ముందునుంచి చూస్తే రెండూ ఒకటే మాదిరి ఉంటాయి, వెనక స్క్రూలు లెక్కపెట్టాల. ఏళ్ళ తరబడి బాగుండి ఉన్నట్టుండి చెడితే స్క్రూ వదులైంది, లేదా స్విచ్చి లోపల కాలింది. 2021 నవంబరు వానలు మర్చిపోలేదు కదా? మిద్దె వాకిలి పక్కన ఉండే పై బోర్డులోకి అట్లాంటి వానల్లో నీళ్ళు దిగితే స్క్రూలు పచ్చగా చిలుము పడతాయి. వీటిలో దేనికీ గోడ కొట్టే పని లేదు.

అధ్యక్షుల వారు చీటీ పంపినారు. ఐదు నిమిషాలు, సార్. ఈ ఒక్కటీ ప్రాణం మీదికొచ్చే సంగతి.

కింద ఓనరు, పైన అద్దెకుండేవాళ్ళు, రెండు మీటర్లు. తిరుపతిలో సగం వీధులు ఇట్లాంటివే. మెట్ల లైటుకు ఫేజు కింది మీటరు నుంచి, న్యూట్రల్ దగ్గరగా ఉందని పై మీటరు నుంచి లాగుతారు. ఆర్‌సీసీబీ అని ఒకటుంది. పోయిన కరెంటు అంతా తన గుండానే తిరిగి రాకపోతే లైను ఆపేస్తుంది. ఇంట్లో 30 మిల్లీయాంపులది పెట్టించుకుంటే, ఆ లైటు వేయగానే అది పడిపోయి కరెంటు ఆపేస్తుంది. పడాల్సిందే, దాని పని అదే. మనవాళ్ళేమో అది చెడిపోయిందని తీసేస్తారు! తీయకండి, మీ కాళ్ళకు మొక్కుతాను. పైన మెయిన్ ఆపినాం కదా అని పై బోర్డులో చెయ్యి పెడితే, కింది నుంచి వచ్చే 230 వోల్టులు అక్కడే ఉంటాయి. మెట్ల బోర్డు విప్పేముందు రెండు మీటర్ల మెయిన్లూ ఆపించండి. టెస్టరు వెలగలేదు కదా అని ధైర్యం చేయొద్దు, వెలిగింది కదా అని కరెంటు వచ్చేసిందనీ అనుకోవద్దు. ఒకే పైపులో పక్క వైరులో కరెంటుంటే తెగిన వైరు మీద కూడా టెస్టరు మిణుకుమంటుంది. తెలిసినాయన టెస్ట్ ల్యాంపు, అంటే వైర్లకు తగిలించి చూసే బల్బు, పెట్టి చూస్తాడు. ఆపినాక కూడా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతోందని ఇందాక ఒకమ్మ అడిగింది. చాలాసార్లు అదీ ఈ పక్క వైరు ప్రభావమే. ఫేజుకు బదులు న్యూట్రల్‌కు స్విచ్చి పెట్టినా అట్లానే వెలుగుతుంది కాబట్టి ఒకసారి చూపించుకోండి.

మీటరు దాకా చెడితే 1912కు ఫోన్ చేయొచ్చు, డిస్కం వాళ్ళు, అంటే కరెంటు పంపిణీ సంస్థ వాళ్ళు, వస్తారు. మీటరు దాటి లోపలికొస్తే బాధ్యత మనదే. కాబట్టి పండక్కి రంగులేయించే ముందు, స్విచ్చి విప్పే మనిషితో ఒక్క మాట చెప్పండి: "నాయనా, కామన్ వైరుకు ముందు గుర్తు పెట్టు, తర్వాత స్క్రూ విప్పు." మెట్ల బోర్డుల్లో తరచూ మూడూ ఎర్ర వైర్లే ఉంటాయి. విప్పినాక ఏది ఏదో కంటితో చూసి చెప్పలేం. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇదిగో, ఈ చెక్క మీద రెండు టూవే స్విచ్చులు, ఒక బల్బు బిగించి తెచ్చినాను. కావాలనే ఒక వైరు తప్పు స్క్రూకు పెట్టినాను. ఇందాక చేతులెత్తినవాళ్ళు ఒక్కొక్కరే రండి. నువ్వు రామ్మా ముందు. కాగితం తీసుకో, నాలుగు వరసలూ రాయి. స్క్రూ డ్రైవరు తర్వాత, ముందు ప్లగ్గు పీకు.