పాలు పొంగేలోపు టేపు పట్టండి
(డిసెంబరు 24, జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చదివితే పావుగంట పడుతుంది, వారు మన్నించాలి. వినియోగదారుల రక్షణ చట్టానికి 1986లో ఇదే రోజున రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, అందుకే ఏటా ఈ సభ. తూకాలు, కల్తీల సంగతి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నేను సగంలో ఆగిపోయిన కొత్తింటి గురించే చెబుతాను.

కోతలైపోయాయి కదండీ. ధాన్యం మిల్లుకు తోలితే తేమ 17 శాతం దాటిందని కొర్రీ పెడతారు. మీరు ఊరుకుంటారా? మిషను మళ్లీ పెట్టమంటారు, కిలో తరుగు దగ్గర గంటసేపు వాదిస్తారు. అదే మనిషి 20 లక్షల ఇల్లు కాంట్రాక్టుకిచ్చి, మేస్త్రి "శనివారం కూలోళ్లకి బట్వాడా ఉందండీ" అనగానే గోడ ఎంత లేచిందో చూడకుండా 50 వేలు ఫోనులో కొట్టేస్తాడు!

తగాదాకి విత్తనం అక్కడే పడుతుంది. శ్లాబు దాకా పని పెద్దది, చకచకా సాగుతుంది. తర్వాత మిగిలేదంతా చిల్లర పని. ప్లాస్టింగు, పైపులు, టైల్సు, తలుపులు, స్విచ్చులు, ఒక్కోదానికి ఒక్కో మనిషి రావాలి. డబ్బు ముందే అందిన కాంట్రాక్టరుకి మీ సజ్జ అంచు తీర్చడం కంటే పక్కూళ్లో కొత్త శ్లాబు ఎత్తుకోవడమే లాభం. మేస్త్రీలంతా దొంగలని నేననను. మధ్యలో దేవుడి గది జరపమని, అటక కలపమని, పిట్టగోడ ఇంకో అడుగు లేపమని నోటిమాటగా చెప్పి, చివర్లో 'ఎక్స్‌ట్రా ఏంటి?' అనే ఇంటివాళ్లూ మనలోనే ఉన్నారు. అది ఏ రోజుకారోజు పుస్తకంలో రాసి, రేటు వేసి, ఇద్దరూ సంతకం పెట్టాల్సిన మాట.

వాయిదాలు పనిని బట్టి ఉండాలి. పునాది మీద పోసే ప్లింత్ బీముకి 15 శాతం, తలుపులు, కిటికీల పైన పోసే లింటెల్‌కి 15, శ్లాబుకి 25, ప్లాస్టింగుకి 20, టైల్సు, కరెంటు, పైపులకి 15. చివరి 10 శాతం తాళాలు చేతికొచ్చి ఒక వానాకాలం గడిచాకే. ఈ అంకెలు కాస్త అటూఇటూ కావచ్చు, ఆ చివరి పది మాత్రం వదలొద్దు. చదరపు అడుగు అంటే దేనికో కూడా కాగితం మీద ఉండాలి. పోర్టికో, మెట్లు, సజ్జలు లెక్కలోకి వస్తాయా, రావా? మన ఊళ్లలో చాలా స్థలాలు ఒకప్పటి వరిచేలే, కాబట్టి మట్టి పోసి మెరక చేయడం ఎవరి ఖర్చు? ట్రాక్టరు ట్రిప్పుల లెక్కా, కొలతా? పునాది లోపల ఆరేసి అంగుళాల చొప్పున పోసి, తడిపి, దిమ్మిస కొట్టకపోతే మొదటి వానాకాలానికే గచ్చు కుంగి టైల్సు గుల్లవుతాయి.

ఇప్పుడు పని ఆగిపోయిందనుకుందాం. మనవాళ్లు వెంటనే రెండు పనులు చేస్తారు. స్టేషనుకెళతారు, అక్కడ "ఇది సివిల్ మేటరండీ" అంటారు. ఇంటికొచ్చి, కోపంతో ఇంకో మేస్త్రిని దింపుతారు. రెండోది మరీ నష్టం. కొత్తవాడి తాపీ పడ్డాక పాతవాడి పని ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు.

ముందు టేపు పట్టండి. గది గదికీ ఒక పేజీ. చేయని పని వేరే, చేసి చెడగొట్టిన పని వేరే. 'బాత్రూం బాగోలేదు' అని రాస్తే చెల్లదు. 'బాత్రూం, తూర్పు గోడ, టైల్సు 7 అడుగులకి 4 అడుగులే వేశారు, గుల్ల శబ్దం వచ్చినవి 9' అని రాయాలి. రూపాయి బిళ్లతో టైలు కొడితే గుల్ల మీ చెవికే తెలుస్తుంది. నీరు దిగే కంత గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు నింపి, అంచున సుద్దగీత గీసి 48 గంటలు వదలండి. కింద శ్లాబు చెమ్మ పడితే ఫోటో తీయండి, టేపు కనపడేలా.

తర్వాత ఫలానా తేదీన ఉమ్మడి కొలతకు రమ్మని కాంట్రాక్టరుకి రాతపూర్వకంగా చెప్పండి. వస్తే మంచిదే, సగం తగాదాలు ఆ కొలత దగ్గరే తేలతాయి. రాకపోతే లైసెన్సు ఉన్న ఇంజినీరుతో, ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులతో కానిచ్చేయండి. లెక్క ఇలా తేలాలి: ఒప్పందం 20 లక్షలు, ఇచ్చింది 18, మిగతా పని వేరేవాళ్లతో చేయిస్తే ఇంజినీరు అంచనా 7 లక్షలు. మీ దగ్గరున్న 2 తీసేస్తే నష్టం 5 లక్షలు. కాంట్రాక్టరుకి పంపే నోటీసులో ఆ అంకే ఉండాలి. మనోవేదన పది లక్షలని మొదలెడితే అసలుది కూడా నమ్మరు. 15 రోజులు గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. వాట్సాప్ మాటలు చెరపొద్దు. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్టు కావాలి, ఎలాగో వకీలు చెబుతారు.

ఇక్కడో మాట, విషయం కాస్త పక్కకెళ్లినా చెప్పాలి. సముద్రం వైపు ఊళ్లు, నరసాపురం, అంతర్వేది నుంచి ఎవరొచ్చారు? చేతులెత్తండి. కాలువలు కట్టేసిన వేసవిలో శ్లాబుని ఉప్పు బోరునీళ్లతో తడుపుతున్నారు. ఇనుము ఉన్న కాంక్రీటుకి నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే లోపల ఊచ తుప్పుపట్టి ఉబ్బి, కొన్నేళ్లకి శ్లాబు పెచ్చులూడుతుంది. అప్పుడు "నీళ్లు మీరే ఇచ్చారుగా" అంటాడు కాంట్రాక్టరు. నీళ్లెవరివో ఒప్పందంలో రాయండి.

నోటీసుకి కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. మండల న్యాయసేవల కమిటీలో అర్జీ పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి పిలుస్తారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు తీర్పుతో, అంటే డిక్రీతో సమానం. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే అక్కడే. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 నుంచి 20 లక్షల మధ్యైతే 400 రూపాయలు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, తగాదా పుట్టిన రెండేళ్ల లోపు. ఇల్లు కట్టడం కూడా 'సేవ' అని చట్టంలోనే ఉంది. రోజుకూలికి పిలిచి మీరే దగ్గరుండి చేయించుకుంటే మాత్రం ఆ దారి కష్టం. అపార్టుమెంటు కొన్నవాళ్లది రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ సంస్థ) దారి, మీ స్థలంలో కట్టించుకునే ఇంటికి అది వర్తించదు.

ఇక నా అసలు బాధ. గృహప్రవేశం ముహూర్తం! తేదీ మీకంటే ముందు మేస్త్రికి తెలుసు. శుభలేఖలు పంచేశారు, వంటవాళ్లకి అడ్వాన్సిచ్చారు, అల్లుడు హైదరాబాదు నుంచి బయల్దేరాడు. ఆ వారంలో ఎంతడిగితే అంతిస్తారు. ఆరని ప్లాస్టింగు మీద పుట్టీ, దాని మీద రంగు, సంపు మీద చెక్క మూత. పాలు పొంగాక ఫోను మోగుతూనే ఉంటుంది, ఎత్తేవాడుండడు. ఇంజినీరు జాబితా పూర్తి కాకుండా పంతులుగారి దగ్గరకు వెళ్లకండి బాబూ. ముహూర్తం ఇంకోటి దొరుకుతుంది, మిగిలిన పది శాతం చేజారితే దొరకదు.

ఇప్పుడు ధనుర్మాసం. ముహూర్తాల్లేవు, తొందర్లేదు. పండక్కి కూలీలు ఊళ్లకు వెళ్లిపోతారు, ఇల్లు ఖాళీగా ఉంటుంది. మాఘం వచ్చేలోపు ఒక ఆదివారం టేపు, సుద్దముక్క, రూపాయి బిళ్ల పట్టుకుని మీ ఇంట్లో తిరగండి. జాబితా నమూనా కాగితాలు గుమ్మం పక్క బల్ల మీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు తీసుకోండి. భోజనాలు వడ్డించేశారట. ఒప్పందం కాగితం వెంట తెచ్చుకున్నవాళ్లు తిన్నాక నా దగ్గరకు రండి, కలిసి చదువుదాం.