లావెండర్ కుండీలో వేలు పెట్టి చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పనులన్నీ పక్కనపెట్టి వచ్చిన మిద్దెతోట మిత్రులకు కృతజ్ఞతలు. సుగంధ మొక్కలన్నిటి గురించీ చెప్పమన్నారు. నేను లావెండర్ ఒక్కదాని గురించే చెప్తాను. ఎందుకంటే మూడు మొక్కలు నా చేతిలోనే పోయాయి.

మొదటిది ఒక నర్సరీలో కొన్నాను. "నీడలో పెట్టండమ్మా, రోజూ నీళ్లు పొయ్యండి" అన్నారు. అలాగే చేశాను. మనందరం కలిపే మట్టే కలిపాను: ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమంగా. శ్రావణంలో ముసురు పట్టింది. ఒకరోజు చూస్తే కొమ్మలు వాలిపోయి ఉన్నాయి. ఎండిపోతోందేమోనని ఇంకో చెంబుడు పోశాను. నాలుగు రోజులకి కుండీ బోర్లించాను. వేరు పట్టుకుని లాగితే పైతొక్క తడిగా ఊడొచ్చి, లోపల సన్నటి దారం మిగిలింది. ఆ కుళ్లు వాసన నాకింకా గుర్తుంది.

ఇది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాళ్ల కొండల మొక్క. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా ఉంటుంది. మనకి వేసవి వేడి తగ్గకముందే వానలు దిగుతాయి. జమ్మూలో భదర్వా చల్లటి చోటు కాబట్టి అక్కడి రైతులు కొందరు మొక్కజొన్న మాని లావెండర్ వేశారు. 2022లో అక్కడ లావెండర్ పండగే జరిగింది. అది చూసి హైదరాబాద్ మిద్దె మీద అదే రకం పెడితే బతకడం కష్టం. మనకి ఆకు అంచులు రంపంలా ఉండే డెంటాటా రకం నయం. వాసనలో కాస్త కర్పూరం ఘాటు ఉంటుంది.

మా అమ్మ గుర్తొస్తోంది. ఆవిడ మరువం అంచు పగిలిన కుండలో పెంచేది. మట్టిలో సగం ఇసుకే. నేను నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని, "పైమట్టి తెల్లబడిందా?" అని అడిగేది. మరువం, తులసి, పుదీనా, లావెండర్ అన్నీ ఒకే కుటుంబం. అమ్మ అడిగిన ఆ మాట నాకు మూడో మొక్క పోయాక గుర్తొచ్చింది.

అక్టోబరులో నాటండి. మట్టి కుండీ, అడుగున పెద్ద చిల్లు. సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక, చిన్న కంకర. కంపోస్టు గుప్పెడు చాలు. రోజుకి ఆరు గంటల ఎండ కావాలి. వానాకాలం చూరు కిందకి, గాలి ఆడే చోటికి మార్చండి. పూలు అయ్యాక లేత కొమ్మలే కత్తిరించండి. ముదిరి కట్టెబారిన చోట కోస్తే మళ్లీ చిగురు రావడం కష్టం.

నర్సరీ వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మీకో దండం. మొక్క అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పండి: వేలు రెండంగుళాలు దించి, పొడిగా తగిలితేనే నీళ్లు అని. డబ్బు పోతే పోయింది, పెంచడం నాకు చేతకాదని కొన్నావిడ ఇంకో మొక్క జోలికే వెళ్లదు. అలాంటి ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఇది నా నాలుగో మొక్క, రెండేళ్లది. వెనక వరస దాకా పంపండి. ఆకు నలిపి చూడండి, మట్టిలో వేలు పెట్టి చూడండి. నిన్ననే నీళ్లు పోశాను, ఈ వారం దానికిక అక్కర్లేదు.